కోనసముద్రము నుండి సనత్‌నగరమునకు
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పంజగుట్ట దాటి అమీర్‌పేట మీదుగా ఎఱ్ఱగడ్డ దెసకు పోవువారికి సనత్‌నగరము తగులును. సనత్ అనగా ఉర్దూలో పరిశ్రమ. మహాయుద్ధము సాగుచుండగా 1942లో ఇచ్చట ఆల్విన్ లోహపు కార్ఖానా వెలసినది. పెట్టుబడి ఇరువురిది. ఒకరు వర్తకులగు అల్లాదీన్ కుటుంబపు కంపెనీవారు. రెండవది 1929లో నిజాము ప్రభుత్వము నెలకొల్పిన పరిశ్రమల ట్రస్టు నిధి. ఒక కుటుంబపు సాహసమునకు ప్రజాధనము తోడైనదన్నమాట. ఈ రెండవ సంగతిని మనవారు తఱచు మఱచెదరు.

ఉక్కు బీరువాలు, బస్సుల పైకట్టులు, పిమ్మట శీతల యంత్రములు, 1981 నుండి చేతి గడియారములు అచ్చట తయారైనవి. మన ఇండ్లలో ఆ బీరువాలు ఇంకను కలవు. తాళము తిప్పుట మాత్రము ఇంటి పెద్దకే తెలియును!

అయినను ఈ గడ్డపై లోహవిద్య 1942లో పుట్టినది కాదు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున కమ్మరులు రెండు తావుల ఇనుమును కలిపి, మట్టి మూసలలో మూసి, కొలిమిలో కాల్చి ఉక్కు ముద్దలు తీసెడివారు. కత్తులకై పారసీక వర్తకులు ఆ కొలుముల కడకే వచ్చెడివారు. సర్వేశాఖకు చెందిన వైద్యుడు వాయిసీ దీనిని కన్నులార చూచి వ్రాసెను. ఆ వ్రాత 1832లో కలకత్తాలో అచ్చయ్యెను. అచ్చట తండ్రి చేతిపని కొడుకునకు ఆస్తి. సీమ ఉక్కు చౌకగా దిగుటతో ఆ కొలుములు చల్లారినవి.

సనత్‌నగరపు కార్ఖానా ఉక్కు తీయలేదు; రేకును కోసి, వంచి, అతికినది. వర్తకులను మేము నిందింపము, వారు తెచ్చినది ధనము, యంత్రము. కాని కమ్మరి కుటుంబపు విద్యను పిలిచి పీట వేసినవారెవరు? నిజాము కొలువు వేయలేదు, పిదప వచ్చిన ప్రభుత్వములును వేయలేదు. ఇది మా ఫిర్యాదు.

1969లో కార్ఖానా యాజమాన్యము రాష్ట్ర ప్రభుత్వపు చేతికి వచ్చెను. 1990 తరువాతి యేండ్లలో శీతల యంత్రముల శాఖ వోల్టాస్ వారి పరమయ్యెను. నేడు మియాపూరు చౌరస్తాకును, కూకట్‌పల్లి కాలనీకిని ఆల్విన్ అను పేరు మిగిలినది. అచ్చట అచ్చులు కోసిన, రంగులు పూసిన పనివారు మన పేటలలోనే వృద్ధులై యున్నారు. వారిలో ఎవరైనను ఈ మందిరమునకు దయచేసి తమ పని తీరు చెప్పినచో, వ్రాసికొనుటకు కాగితమును కలమును మేము సిద్ధము చేసియుంచితిమి.