మోకాలు అడిగే గేరు

వీలుంటే ఒక చాక్‌పీసు ముక్క, కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో సైకిలుంటే మరీ మంచిది.

రోజూ పనికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళ నోట తరచు వినబడే మాట ఒకటుంది. చదునుగా ఉంటే ఎంత దూరమైనా తొక్కుతాను గానీ, ఎత్తు ఎక్కాలంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయి అంటారు. వయసు మీద పడిందనుకుని కొందరు సైకిలు మూలన పెట్టేస్తారు కూడా. వయసు సంగతి తరవాత చూద్దాం. ముందు వెనక చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెడదాం.

సైకిలుకి స్టాండు వేసి, వెనక చక్రం మధ్యలో చైను తగులుకునే ఫ్రీవీల్‌కి ఒక పంటి మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్ళీ ఆ గుర్తు దగ్గరికి వచ్చేదాకా ఎంచండి. ముందున్న చైన్‌వీల్‌కీ అంతే. మన పెద్ద నల్ల సైకిళ్ళకి ముందు 44 గానీ 48 గానీ, వెనక 18 పళ్ళు ఉండటం మామూలు. 44ని 18తో భాగిస్తే 2.44 వస్తుంది. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకి 2 మీటర్ల 23 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి పెడల్ చుట్టుకి సైకిలు ఇంచుమించు ఐదున్నర మీటర్లు ముందుకెళుతుంది.

ఇది చదును నేలకి చక్కగా కుదిరిన లెక్క. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 20 కిలోమీటర్ల వేగం వస్తుంది. తెనాలి చుట్టుపక్కల కాలవగట్టు మీద, గాలి ఎదురు కొట్టనంతవరకు, ఇంతకన్నా ఏం కావాలి? చిక్కేమిటంటే ఆ సైకిలే, ఆ పళ్ళతోనే, విశాఖపట్నంలోనూ అమ్ముతారు. అక్కడ బీచ్ రోడ్డు నుంచి వాల్తేరు అప్‌లాండ్స్ వైపు ఎక్కేవాడి కాళ్ళకి ఆ లెక్క కుదరదు.

ఎందుకు కుదరదో చూద్దాం. 100 మీటర్లు పోయేసరికి 5 మీటర్లు లేచే రోడ్డు అనుకోండి. మనిషి 65 కిలోలు, సైకిలు 20, మొత్తం 85. ఆ వాలు మీద వెనక్కి లాగే బలం, టైర్ల రాపిడి కూడా కలుపుకుంటే, ఐదు కిలోలకి కాస్త తక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆరున్నర అంగుళాల క్రాంక్ చివర ఉన్న పెడల్ ఒక చుట్టులో నడిచేది మీటరు దూరం. ఆ చుట్టులోనే సైకిలు ఐదున్నర మీటర్లు పోవాలి. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో బలం అన్ని రెట్లు పెట్టాలి. అందుకే పెడల్ మీద సగటున 25 కిలోల బలం పడాల్సి వస్తుంది. సగటున అని ఎందుకన్నానంటే, పెడల్ నడినెత్తినా అట్టడుగునా ఉన్నప్పుడు కాలు చెయ్యగలిగింది దాదాపు శూన్యం. ఆ లోటంతా మధ్యలో పూడ్చుకోవాలి. కాబట్టి నిజంగా నొక్కే ఘడియలో బరువు ఇంకా చాలా ఎక్కువ. సీటు మీంచి లేచి నిలబడి తొక్కేది ఇందుకే.

ఇప్పుడు వెనక 18 తీసేసి 22 పళ్ళ ఫ్రీవీల్ వేశామనుకోండి. 25 కాస్తా 20కి దిగుతుంది. అయిదింట ఒక వంతు బరువు మోకాలి మీంచి తప్పిపోయినట్టే.

గేరు మార్చినంత మాత్రాన ఎత్తు తగ్గదు, చెయ్యాల్సిన మొత్తం పనీ తగ్గదు. బిందెడు నీళ్ళు మేడ మీదికి చేర్చాలంటే బిందెనే ఎత్తుకుపోవచ్చు, చెంబులతో పదిసార్లు తిరగనూవచ్చు. చేరే నీళ్ళు అన్నే, నడుము పడే పాటు మాత్రం ఒకటి కాదు. ఒంట్లో జరిగేదీ అదే. తొడ కండరం బలంగా బిగుసుకున్నంతసేపు దానిలోని సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం సరిగా పారదు. నెమ్మదిగా, బరువుగా తొక్కితే ఆ బిగింపు ఎక్కువసేపు ఉంటుంది, కండరం త్వరగా అలుస్తుంది. తేలిగ్గా, వడిగా తొక్కితే బిగింపుకీ బిగింపుకీ మధ్య రక్తం వచ్చి పోతుంటుంది. ఇక మోకాలిచిప్ప. కాలు మడిచి ఉన్నప్పుడు ఎంత గట్టిగా తొక్కితే అది వెనకనున్న తొడ ఎముకకి అంత గట్టిగా ఒత్తుకుంటుంది.

ఈ మడత మాట వచ్చింది కాబట్టి, పళ్ళ కోసం డబ్బు ఖర్చు పెట్టేముందు చెయ్యాల్సిన పని ఒకటి చెబుతాను. దీనికి పైసా ఖర్చు లేదు. మనలో ఎక్కువమంది సీటు మీద కూర్చునే రెండు కాళ్ళూ నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించుకుంటారు. అలా దించితే మోకాలు ఏ దశలోనూ సాగదు, మడిచే తొక్కాలి. గోడ పట్టుకుని సీటెక్కి, పెడల్ అట్టడుగున ఉండగా మడమ దాని మీద ఆనించండి. కాలు తిన్నగా సాగాలి. తొక్కేటప్పుడు మడమ బదులు ముంపాదం పెడతాం కాబట్టి మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉంటుంది. కొందరికి ఈ ఒక్క సర్దుబాటుతోనే ముందువైపు నొప్పి నెమ్మదిస్తుంది. మోకాలు వాచినా, రాత్రి పడుకున్నా నొప్పి పోకపోయినా అది సైకిలు షాపుకి చెప్పుకునే సంగతి కాదు, డాక్టరుకి చూపించండి.

మీకు ఎన్ని పళ్ళు కావాలో మీ దారే చెబుతుంది. రోజూ వెళ్ళే దారిలో అన్నిటికన్నా కష్టమైన ఎత్తు మీద కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి లేచిందో ఎంచుకోండి. పక్కన నడిచే మనిషి వాచీ చూసి చెబితే ఇంకా నయం, మీ కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. పదిహేను దాటితే గేరుతో పనిలేదు. పదికి లోపయితే వెనక పళ్ళు పెంచండి. క్యారియర్ మీద పిల్లనో, పాలక్యాన్లో, గ్యాస్ సిలిండరో ఎక్కించుకునేవాళ్ళు చదునులో ఉన్నా 20కో 22కో మారడం మంచిది. 22తో చదునులో వేగం పోతుందన్న భయం ఉంటుంది. 60 చుట్లకి గంటకి 20 పోయేది 16కి దిగేమాట నిజమే. 75 చుట్లు తొక్కడం అలవాటైతే మళ్ళీ 20 వచ్చేస్తుంది. అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుంది, అంతే.

పళ్ళు పెంచుకోవడం బలహీనుల పని అనే చులకన కొత్తది కాదు. టూర్ ది ఫ్రాన్స్ సైకిలు పందెం 1903లో మొదలైంది. దాన్ని నడిపిన ఆన్రీ దెగ్రాంజ్‌కి గేర్లంటే గిట్టదు, అవి నలభై అయిదు దాటినవాళ్ళకే అనేవాడు. రేసుల్లో దిగినవాళ్ళు వెనక చక్రానికి రెండు వైపులా వేరువేరు పళ్ళు పెట్టుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవారు. చైనుని పళ్ళ మీంచి పళ్ళ మీదికి జరిపే డిరైలర్‌ని ఆ పందెంలో అందరికీ అనుమతించింది 1937లో. ఫ్రాన్స్‌లోని సేంటెటియన్‌లో సైకిళ్ళు తయారుచేసిన పోల్ ద వివీ ఎన్నో ఏళ్ళు గేర్ల కోసం వాదించాడు. ఆ రోజు చూడకుండానే 1930లో పోయాడు. ప్రపంచంలోకెల్లా బలమైన కాళ్ళకే గేర్లు అవసరమైతే, ఎనిమిది గంటలు డ్యూటీ చేసి ఇంటికొచ్చే మనకి సిగ్గెందుకు?

సరే, షాపుకి వెళదాం. ముందు చైన్‌వీల్ మార్చినా ఫలితం వస్తుంది. కానీ పాత పద్ధతి సైకిళ్ళలో అది కుడి క్రాంక్‌తో కలిసి వస్తుంది, కాటర్ పిన్ను కొట్టి తియ్యాలి, ఖర్చూ ఎక్కువే. వెనక ఫ్రీవీల్ మార్చడమే తేలిక. మనం తొక్కే ప్రతి తొక్కూ దాన్ని హబ్ మీద ఇంకా బిగిస్తుంది కాబట్టి ఏళ్ళ తరబడి ఉన్నది ఓ పట్టాన ఊడదు. సుత్తీ ఉలీ తీసుకునే మేస్త్రీని ఆపండి. ఫ్రీవీల్ గాళ్ళలో కూర్చునే రిమూవర్ వేరే ఉంటుంది. దాన్ని వైసులో బిగించి, పైన చక్రం పెట్టి, రిమ్ము రెండు చేతులా పట్టుకుని ఎడమకి తిప్పితే వస్తుంది. కొత్తది ఎక్కించేముందు మరలకి గ్రీజు రాయమనండి.

నాలుగు పళ్ళు పెరిగితే చైను ఒక అంగుళం ఎక్కువ కావాలి. యాక్సిల్‌ని అరంగుళం ముందుకి జరిపే చోటుంటే సరిపోతుంది. లేకపోతే చైనుకి అంగుళం అతుకు వెయ్యాలి. చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేకు కట్టలు రిమ్ముకి సరిగ్గా తగులుతున్నాయో లేదో చూడకుండా షాపులోంచి కదలకండి.

పాత చైనుని కొత్త పళ్ళ మీద వెయ్యొచ్చా అన్నది స్కేలుతో తేలుతుంది. పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికి కొలిస్తే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగిన చైను అప్పటికే వెనక పళ్ళనీ కొరికేసి ఉంటుంది. అలాంటి అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే ఎత్తు మీద గట్టిగా తొక్కినప్పుడు జారి ఎగురుతుంది.

గేర్ల సైకిలు ఉన్నవాళ్ళ సంగతి కొంచెం వేరు. ముందు 24, వెనక 28 పళ్ళున్న అతి తేలికైన గేరులో, 26 అంగుళాల చక్రంతో, ఇందాకటి ఎత్తు మీద పెడల్ బరువు 8 కిలోలే. 100 వాట్ల శక్తి పెట్టగల మనిషి మన నల్ల సైకిలు మీద అక్కడ నిమిషానికి 24 చుట్లు ఈడ్చుకొస్తే, దీని మీద హాయిగా 72 చుట్లు తిప్పుతాడు. ఇద్దరి వేగమూ ఒకటే, గంటకి ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు. ఇరవై ఒక్క గేర్లని స్టిక్కరు మీద రాస్తారు గానీ సగం ఒకదానికొకటి దగ్గరగా ఉండేవే, రోజువారీ వాడకానికి ఆరేడు చాలు. వెనక 14 నుంచి 28 పళ్ళ సెట్టు తీసి 34 దాకా ఉన్నది వేయించుకోవాలంటే మూడు సంగతులు అడగండి. చేతి దగ్గర షిఫ్టర్‌కి ఎన్ని మెట్లుంటే వెనక అన్నే చక్రాలుండాలి. మీ డిరైలర్ 34 పళ్ళు మోసేదేనా? ముందూ వెనకా పెద్ద చక్రాల మీద ఒకేసారి చైను పడితే దాని పొడవు చాలుతుందా? చాలకపోతే డిరైలర్‌ని పెరికేస్తుంది.

ఇంటికొచ్చాక చైను నడుమ వేలు పెట్టి పైకీ కిందికీ కదిపి చూడండి. ఒంటి గేరు సైకిలుకి అరంగుళం ఆడాలి. తీసేసిన 18 పళ్ళ ఫ్రీవీల్ అరగకపోతే నూనె గుడ్డలో చుట్టి దాచండి. రేపు చదునున్న ఊరికి బదిలీ అయితే పనికొస్తుంది.