పుస్తకాల పెట్టెకు దగ్గరి దారి
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు గ్రంథాలయమును నిలుపుకొన్న జువ్వలదిన్నె గ్రామస్థులకు నా అభినందనములు. డిగ్రీ చదువుచున్న మీ పిల్లలకు పరిశోధనను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పరిశోధన యనగానే పట్టణములు, ప్రయోగశాలలు మనసున మెదలును. కాని కాగితము, పెన్సిలు మాత్రమే కోరు శాస్త్రమొకటి కలదు. దానిని గ్రాఫ్ సిద్ధాంతమందురు.

మీ వలను చూడుడు. ముడులు బిందువులు; ముడినుండి ముడికి సాగు దారములు రేఖలు. ఇట్టి కూర్పే గ్రాఫు. ఊళ్ళును, వానిని కలుపు బాటలును అట్టివే. అందు తక్కువ శ్రమతో పని నెరవేరు మార్గమును తేల్చుట దీని సోదర శాస్త్రము.

1935లో పాతూరి నాగభూషణంగారు కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. మనమును పుస్తకాల పెట్టెను పల్లెలకు పంపుచున్నామనుకొనుడు. ఒకే బాటపై ఉత్తరమున 2 కిలోమీటర్లలో ఒక పల్లె, 8 కిలోమీటర్లలో మరొకటి. దక్షిణమున 3 కిలోమీటర్లలో ఇంకొకటి. ఎప్పటికప్పుడు దగ్గరి పల్లెకే పోయినచో మొదట 2, పిదప దక్షిణమునకు 5, మరల ఉత్తరమునకు 11, తిరిగి వచ్చుటకు 8. వెరసి 26 కిలోమీటర్లు. ఉత్తరపు పల్లెలు రెండును ముగించి దక్షిణమునకు పోయిన 22 చాలును.

నా విద్యార్థి దశలో ఇట్టి లెక్కనే చేసి సంతోషించితిని. మా ఉపాధ్యాయులు, “ఇంతకంటె తక్కువ లేదని నీకెట్లు తెలియును?” అని యడిగిరి. నాయొద్ద సమాధానము లేదు. ఇప్పుడు చెప్పగలను: ఉత్తరపు చివరి పల్లెకు పోయి వచ్చుటకు 16, దక్షిణమునకు పోయి వచ్చుటకు 6 తప్పవు. కనుక 22 కు తగ్గదు. దారి కనుగొనుట సగము పని; అంతకు మించినది లేదని రుజువు చేయుట తక్కిన సగము. పరిశోధన యనగా ఈ రెండవ సగమే.

పది పల్లెలుండి, ప్రతి పల్లెకును నేరుగా దారియున్నచో, ఎదురు దిక్కు నడకను వేరుగా లెక్కింపకున్నను 18,14,400 వరుసలగును. అన్నిటిని పరీక్షింపనేల? 1963లో మన తెలుగువారైన కట్టా గోపాలకృష్ణమూర్తిగారు మరి ముగ్గురితో కలసి ప్రకటించిన పద్ధతిలో, దారులను శాఖలుగా విభజించి, ఒక్కొక్క శాఖకు ‘ఇంతకు తగ్గదు’ అని హద్దు కట్టుదురు. చేతనున్న దారికంటె హద్దు మించిన శాఖను చూడకయే విడుతురు. మనము 22 కు కట్టిన హద్దు ఆ జాతిదే.

ఉప్పలూరి శివరామచంద్రమూర్తిగారు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో సి. ఆర్. రావుగారి శిష్యులై 1967లో డాక్టరేటు పొంది, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. బాండీగారితో కలసి 1976లో వారు వెలువరించిన గ్రాఫ్ సిద్ధాంత గ్రంథము చివర, నాటికి పరిష్కారము కాని సమస్యల పట్టిక కలదు. తెలియనిది ఇదియని విద్యార్థికి నిర్మొగమాటముగా చూపుటకంటె గొప్ప ఆహ్వానమేమున్నది?

కార్యవర్గమువారికి నా మనవి ఒక్కటి. ఆ గ్రంథమును మీ బీరువాలో నుంచుడు. పిల్లలారా, చుట్టుపట్ల పల్లెల పటము గీసి, దూరములు వ్రాసి, పుస్తకాల పెట్టెకు దారి వెదకుడు. కంప్యూటరు సాయము కొనుడు. కాని మా ఉపాధ్యాయుల ప్రశ్నను మరువకుడు. సమాధానము దొరకినదినము ఆ పెట్టె వెంట నేనును నడచి వత్తును.