నేలలోని నత్రజని – ఎరువుల వినియోగము

(ఆబిడ్సులో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సభలలో విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు తఱచుగా ప్రసంగములు జరుగుచుండును. ఆ ధర్మకార్యములకు వలయు ధనము చాలవఱకు పొలమునుండియే వచ్చినది. ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతములందు కాపురముండు మనలో పలువురకు స్వగ్రామములలో భూములు కలవు. కావున ఆ భూములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాము. మేము సంస్కృతము చదివి బడిపంతులుగా జీవితము గడపిన వారము. పెద్దల శాస్త్రగ్రంథములవలన గ్రహించిన సారమునే విన్నవించెదము.

భూమికి వసుంధర యని పేరు. వసువనగా ధనము, దానిని ధరించునది వసుంధర. ఆ ధనములలో నత్రజని ముఖ్యమైనది. నేలలోని నత్రజనిలో 100కి 90 పాళ్లకు పైగా కుళ్లిన ఆకులు, వేళ్లు, పెంట మొదలగు సేంద్రియ పదార్థమున బంధింపబడి యుండును. పైరు దానిని ఆ రూపమున అంతగా గ్రహింపజాలదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు ఆ పదార్థమును జీర్ణము చేసి అమ్మోనియముగా విడుదల చేయును. దీనినే ఖనిజీకరణమందురు. పిదప మఱికొన్ని జీవులు ఆ అమ్మోనియమును నైట్రేటుగా మార్చును. ఈ రెండు రూపములే పైరునకు ఆహారము.

నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్సునకు ఉదయమున నడకకై వెళ్లువారు మనలో కలరు. చెట్టు క్రింద రాలిన ఆకు వానలకు తడిసి, నల్లబడి, క్రమముగా మన్నగుటను వారు చూచియే యుందురు. అక్కడ జరుగునదియు ఈ పనియే. దీనికి తడియు వెచ్చదనమును కావలెను. అందువలననే ఎండిన నేలపై తొలకరి పడగానే నత్రజని విరివిగా విడుదలయగును. అప్పుడు పైరు లేకున్నచో నైట్రేటు వాననీటితో లోతునకు దిగి వ్యర్థమగును.

ఇక లెక్క చూతము. ఎకరములో పై 15 సెంటీమీటర్ల మన్ను సుమారు 9 లక్షల కిలోలు. అందు సేంద్రియ కర్బనము 100కి 0.5 పాలు అయినచో 4,500 కిలోలు. నత్రజని దానిలో ఇంచుమించు పదియవ వంతు, అనగా 450 కిలోలు. ఏటికి 100కి 2 పాళ్లు విడుదలయైనను 9 కిలోలు పైరునకు లభించును. ఇది దాదాపు 20 కిలోల యూరియాతో సమానము. వరివంటి పైరునకిది చాలదు. కొఱతను ఎరువుతో తీర్పవలసినదే. కాని కొఱత యెంతయో తెలియక బస్తాలు కొనుట వివేకము గాదు. 2015లో కేంద్ర ప్రభుత్వము భూసార పత్రముల పథకమును ఆరంభించినది. పరీక్షలో కర్బనము 0.5 పాలునకు తక్కువయైన నేలను పేదనేలగా నెన్నుదురు. పరీక్షానంతరము యూరియాను ఒక్కమారుగా గాక పైరు అక్కఱను బట్టి దఫాలుగా వేయవలెను.

మఱియొక మాట. వరిగడ్డిని పచ్చిగా దున్ని వెంటనే నాటినచో సూక్ష్మజీవులు తమ పోషణకై నేలలోని నత్రజనినే లాగికొనును, పైరు పసుపుబాఱును. గడ్డి చివుకుటకు కొన్ని వారములు వ్యవధి యీయవలెను. జీలుగ, జనుము పూతదశలో దున్నినచో త్వరగా చివికి మేలు చేయును.

పోషకులకు ముఖ్యముగా చెప్పదలచిన దిది. పెంటలోని నత్రజనిలో కొంత మాత్రమే ఆ యేటి పంటకు అందును. తక్కినది రాబోవు పంటలకు నిలుచును. యూరియా ఫలమన్ననో ఆ పంటలోనే కానవచ్చును. ఏటేట కౌలుదారుని మార్చినచో, మఱియొకడు అనుభవించు ఫలమునకై పెంట తోలువాడెవడు? కౌలుదారుని నిందింప బనిలేదు. గడువే అతనిచే అట్లు చేయించుచున్నది. గాదె నింపకయే కొలుచుకొన్నచో ఎన్నాళ్లు నిలుచును?

కావున భూస్వాములైన సోదరులు కౌలు చట్టమునకు లోబడి, ఒకే రైతునకు కొన్ని యేండ్లపాటు భూమి నిచ్చి, పెంట ఖర్చులో తామును పాలు పంచుకొనవలెను. మన సంఘమును భూసార పరీక్షల విషయమున సభ్యులకు తోడ్పడవలెను. బిడ్డలకు విద్య నొసగుట యెట్టి ధర్మమో, వారికి సారవంతమైన నేల నప్పగించుటయు నట్టి ధర్మమే యని విన్నవించుచున్నాము.