తప్పుకున్నంత మాత్రాన తీరదు: డైరెక్టర్ల స్వప్రయోజనం, నిర్లక్ష్యం



కంపెనీ చట్టం గురించి తెలుగువాళ్లం మాట్లాడుకునేటప్పుడు సత్యం కంప్యూటర్స్‌ను దాటిపోలేం. లెక్కల్లో మోసాన్ని చైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న 2009 జనవరి 7 నాటి లేఖ అందరికీ గుర్తే. నేను దానికి మూడు వారాల ముందటి బోర్డు సమావేశం గురించి చెబుతాను.

2008 డిసెంబరు 16న ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు 160 కోట్ల డాలర్లతో రెండు కంపెనీలు కొనడానికి ఆమోదం తెలిపింది. మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం. ఒకటి స్థిరాస్తి వ్యాపారం, రెండోది నిర్మాణరంగం. రెండింటి వెనకా ఉన్నది చైర్మన్ రామలింగరాజు కుటుంబమే. ఈ బంధుత్వం బోర్డుకు తెలియని రహస్యం కాదు. అయినా తీర్మానం నెగ్గింది. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయాక, కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు.

అప్పటి 1956 చట్టం సంబంధమున్న డైరెక్టరును రెండే అడిగింది: విషయం చెప్పు, చర్చలోనూ ఓటులోనూ పాల్గొనకు. అతను తప్పుకోగానే సమస్య తీరిందనుకోవడం మన బోర్డులకు అలవాటు. నిజానికి మిగతావాళ్ల బాధ్యత మొదలయ్యేది అక్కడే. ధర ఎవరు కట్టారు, ఈ వ్యాపారం మనకెందుకు అని గట్టిగా అడగాల్సింది ఇక వాళ్లే.

నిర్లక్ష్యం ఆరోపణకు డైరెక్టర్లు సాధారణంగా చెప్పే జవాబు ‘ఆడిటర్లను, అధికారులను నమ్మాం’ అని. అది న్యాయమైన జవాబే. రామలింగరాజు లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపినా నిజానికి లేని నగదు 5,040 కోట్ల రూపాయలు. ఆడిటరు సంతకం పెట్టిన ఆ లెక్కల్ని నమ్మిన బయటి డైరెక్టరుకు ఈ జవాబు కొంత అండ. మేటాస్ విషయంలో ఆ అండ నిలవదు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే కుటుంబమని కళ్లముందే ఉన్నప్పుడు, అనుమానించడానికి కారణం కనపడలేదని ఎవరూ అనలేరు. అందరికీ కనిపించాల్సినదానికి డైరెక్టరు కళ్లు మూసుకోకూడదని టెండోల్కర్ కేసులో 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

నిజాయితీ ఒక్కటే రక్షించదు. 1985లో అమెరికాలోని డెలావేర్ సుప్రీంకోర్టు ట్రాన్స్ యూనియన్ కేసులో, ఇరవై నిమిషాల నోటిమాట విని కంపెనీ అమ్మకానికి ఒప్పుకున్న డైరెక్టర్లను ఘోర నిర్లక్ష్యానికి బాధ్యుల్ని చేసింది. మన 2013 చట్టం 463వ సెక్షన్ కూడా నిజాయితీతోపాటు సహేతుకంగా నడుచుకున్నవారినే క్షమించే వీలు కోర్టుకిచ్చింది. 149వ సెక్షన్ స్వతంత్ర డైరెక్టరు బాధ్యతకు హద్దు గీసింది కానీ, శ్రద్ధ చూపనివారిని ఆ హద్దు కాపాడదు.

కనుక రేపు బోర్డుల్లో కూర్చోబోయే విద్యార్థులకు నా మాట ఒకటే. పక్కవాడు తనకు సంబంధముందని చెప్పి తప్పుకున్న రోజున మీ ప్రశ్నలు రెట్టింపు కావాలి. ఆ ప్రశ్నలూ వాటికొచ్చిన జవాబులూ మినిట్స్‌లోకి ఎక్కాలి. కోర్టులో మీ శ్రద్ధకు సాక్ష్యం చెప్పేవి అవే.