యంత్రమునందలి గట్టు తగవులు



మన పల్లెలలో గట్టు తగవు నెఱుగనివారుండరు. ఒకడు రాత్రివేళ పొరుగువాని గట్టును జానెడు చెక్కివేయును. ఆనాడెవ్వరికిని తెలియదు. ఏండ్లు గడచి గొలుసు పట్టి కొలిచినపుడు తేడా తేలును. అప్పటికి చెక్కినవాడెవడో చెప్పగల సాక్షి దొరకడు. ఒక్కొక్కప్పుడు నిరపరాధియే దండుగ కట్టును. నేడు నేను చెప్పబోవునది ఇట్టి తగవే. కాని యిది పొలములోనిది కాదు, మీ మనుమల చేతిలోని సెల్‌ఫోను లోపలిది.

కంప్యూటరునందు పనులన్నిటికిని పెత్తనము వహించు మూలభాగమును కెర్నెల్ అందురు. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ నగర విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు ప్రారంభించిన లినక్సు కెర్నెలే నేడు ఆండ్రాయిడ్ ఫోనులయందు పనిచేయుచున్నది. జ్ఞాపకస్థలమును, అనగా మెమరీని, పనులకు పంచి యిచ్చునదియు, పని తీరిన పిదప తిరిగి తీసికొనునదియు నిదియే. దీనిలో అధికభాగము సీ అను భాషలో వ్రాయబడినది. వ్రాత హద్దు దాటెనా లేదా యని ఆ భాష తనంత తాను విచారింపదు.

ఇందు తప్పులు ముఖ్యముగా రెండు. తనకిచ్చిన హద్దు దాటి వ్రాయుట యొకటి. తిరిగి యప్పగించిన స్థలమును ఇంకను తనదేయని వాడుకొనుట రెండవది. ఇది కౌలు తీరిన పొలమును మరల దున్నుట వంటిది. ఆ స్థలము అప్పటికే వేఱొక పనికి ఈయబడియున్నచో దాని లెక్క చెడును. యంత్రము ఎప్పుడో, మఱెక్కడనో ఆగిపోవును. నిందయు ఆగిన చోటికే వచ్చును. దొంగలును ఇట్టి సందులనుండియే లోనికి జొరబడి యజమాని యధికారమును హరింపగలరు.

ఈ తప్పును జరిగిన క్షణముననే పట్టుటకు 2015లో లినక్సునందు కాసాన్ అను కావలి చేర్చబడినది. దాని మూలవిధానమున ప్రతి 8 బైట్ల మెమరీకి 1 బైటు చొప్పున వేఱుగ నొక అడంగలు వ్రాయబడును. ఆ 8 బైట్లలో ఎన్నిటిని తాకవచ్చునో అందుండును. కెర్నెలును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు, మెమరీని తాకుచోట్ల, ముందుగా అడంగలు చూడుమను ఆజ్ఞను చేర్చును. ఇచ్చిన స్థలముల నడుమ ఎవ్వరును తాకరాని బీడు విడువబడును. విడిచిన స్థలము వెంటనే మఱొకరికీయక కొంతకాలము వేఱుగ నుంచబడును. విడిచినదానిని ఎవరైన ముట్టినచో, ముట్టినదెవరు, తొలుత పొందినదెవరు, విడిచినదెవరు అను మూడు సాక్ష్యములును చేతికి వచ్చును.

అయితే ఈ కావలికి కూలి యధికము. మెమరీలో ఎనిమిదవ వంతు అడంగలుకే పోవును, వేగమును తగ్గును. కావున దీనిని పరీక్షలయందే యెక్కువగా వాడుదురు. ప్రజల చేతిలో నడుచు యంత్రములకై 2021లో కెఫెన్సు అను మఱియొకటి చేర్చబడినది. అది అన్నిటిని చూడదు. అప్పుడప్పుడొక స్థలము నెన్నుకొని, తాకినంతనే పట్టుబడునట్లు ఇరుప్రక్కల కంచె నిలుపును. ఒక యంత్రమున తప్పించుకొన్న దోషము, వేలకొలది యంత్రములు నడువగా నెక్కడనో దొరకును.

నేను బడిలో లెక్కలు దిద్దుకాలమున, చివరి పంక్తి మాత్రమే చూచి యొక బాలుని దండించితిని. తీరా విచారింపగా తప్పు నేను నల్లబల్లపై వ్రాసి యిచ్చిన అంకెలోనే యుండెను. ఆ పిల్లవాని ముఖము నేటికిని మఱవజాలను. బాధ కనబడిన చోటనే నేరము మోపరాదు. హద్దు దాటిన చోటు వెదకవలయును. తగవులు తీర్చు మీకు ఈ మాట క్రొత్త కాదు.