ఎస్సారెస్పీ నీళ్లూ, నాలుగు అంకెలూ



కరీంనగర్‌లో జెనెటిక్ అల్గారిథంల గురించి మాట్లాడటానికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. మన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) మీదే ఆ పని జరిగింది. ఈ ప్రాజెక్టు కింద ఏ పంట ఎంత వేస్తే రాబడి ఎక్కువో కె. శ్రీనివాసరాజు, డి. నగేశ్ కుమార్ గార్లు 2004 నాటి పత్రంలో ఈ పద్ధతితో లెక్కగట్టారు. నాకు పంటల లెక్క కన్నా దానికి ముందు పడ్డ శ్రమే ముఖ్యం. జనాభా, తరాలు, వినిమయ సంభావ్యత, ఉత్పరివర్తన సంభావ్యత మార్చి మార్చి నడిపి, వరసగా 50, 200, 0.6, 0.01 దగ్గర ఆగారు.

ఈ అంకెలకు పాత చుట్టరికాలున్నాయి. 1975లో మిషిగన్‌లో డి జాంగ్ ఐదు ప్రమేయాలు పరీక్షించి వినిమయం 0.6, ఉత్పరివర్తన 0.001 చాలన్నాడు. 1986లో గ్రెఫెన్‌స్టెట్ ఆ ప్రమేయాల మీదే, అంకెలు వెతికే పనిని ఇంకో జెనెటిక్ అల్గారిథంకు అప్పజెప్పి, 0.95, 0.01 తేల్చాడు. మనవాళ్ల వినిమయం మొదటాయనతో, ఉత్పరివర్తన రెండో ఆయనతో కలిసింది. అందులో వింతేమీ లేదు. పరిష్కారాన్ని రాసే వంద బిట్ల వరసలో 0.01 అంటే సగటున తరానికి ఒక బిట్ మారుతుంది, 0.001 అయితే పది వరసల్లో ఒకటి. వరస పొడవు చెప్పకుండా సంభావ్యత ఒక్కటే అరువు తెచ్చుకుంటే ఏం లాభం?

ఐదో అంకె ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: జరిమానా. జలాశయంలో లేని నీటిని వాడేసిన ప్రణాళికకు ఎంత కోత పెట్టాలి? తక్కువ పెడితే కాగితం మీద కాకతీయ కాల్వ ఎప్పుడూ నిండుగా పారుతుంది, యాసంగిలో చివరి ఆయకట్టు ఎండుతుంది. మరీ ఎక్కువ పెడితే మొదట దొరికిన ఏదో సాధ్యమైన ప్రణాళిక దగ్గరే జనాభా అంతా గుమిగూడి, వెతకడం ఆగిపోతుంది. నా అనుభవంలో మిగతా నాలుగింటికన్నా ఇదే ఎక్కువ ఏడిపిస్తుంది.

ఆ పత్రంలో ఇంకో మెచ్చుకోదగ్గ పని, ఫలితాన్ని లీనియర్ ప్రోగ్రామింగ్ జవాబుతో పోల్చడం. రెండూ దగ్గరగానే వచ్చాయి. జవాబు తెలిసిన చోట పనిముట్టును పరీక్షించాకే తెలియని చోటికి తీసుకుపోవాలి.

112 టీఎంసీలకు కట్టిన జలాశయం పూడికతో దాదాపు 80కి దిగింది. ఎగువన గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ గేట్లు వచ్చాయి. నాటి సమస్యే మారిపోయింది కాబట్టి ఆ నాలుగు అంకెల్ని ఇవాళ కళ్లు మూసుకుని ఎత్తి రాసుకోవద్దు.

నిర్మల్, మంచిర్యాల, జగిత్యాల నుంచి వచ్చిన యువ పరిశోధకులకు నా విన్నపం: ఒక్కసారి నడిపి వచ్చిన మంచి ఫలితం చూపకండి. వేర్వేరు ప్రారంభాలతో ముప్పై సార్లు నడపండి, సగటుతో పాటు అన్నిటికన్నా చెడ్డదీ అచ్చు వేయండి. ఏ అంకెలు ప్రయత్నించి వదిలేశారో ఒక పట్టికలో పెట్టండి. ఆ పట్టిక లేని పత్రాన్ని వచ్చే సదస్సుకు తీసుకోవద్దని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.