పెరటి ఎర్రగడ్డలు - నిలువచేయు విధము

ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చేయదని పెద్దలు చెప్పుదురు. కర్నూలు, కడప ప్రాంతములలో మనము దానిని ఎర్రగడ్డ యందుము. జొన్నరొట్టెకు గాని, రాగిసంగటికి గాని తోడుగా ఒక్క ఎర్రగడ్డ యున్నచో పూట గడచును. అట్టి వస్తువు ఒక నెలలో కొనువారు లేక కుప్పలుగా కుళ్లుటయు, వేరొక నెలలో కొనలేనంత ప్రియమగుటయు మనకు క్రొత్త కాదు. ఈ రెండు బాధలకును నడుమ నున్న ఉపాయము నిలువ. దానిని గూర్చి మా పెరటి యనుభవమును మీతో ముచ్చటింపదలచితిమి.

కర్నూలు ప్రాంతమున ఎర్రగడ్డ అధికముగా వానకాలపు పైరు. తడినేలలో నుండి, ముసురులో తీసిన గడ్డ ఆరదు. ఆరని గడ్డ నిలువదు. కావున రైతు వచ్చిన ధరకు వెంటనే అమ్ముకొనవలసినదే. 2025లో కర్నూలు మార్కెట్టులో ధర పడిపోగా, ప్రభుత్వము క్వింటాలు 1,200 రూపాయల వంతున కొనుటకు పూనుకొనవలసి వచ్చినది. కడప జిల్లాలోని మైదుకూరు ప్రాంతపు కృష్ణాపురం ఉల్లి కథ వేరు. చిన్నగడ్డ, ఘాటు మెండు; మన వంటిండ్లలో కంటె విదేశములలోనే దానికి గిరాకి. 2020 సెప్టెంబరులో ఉల్లి ఎగుమతులు నిలిచినప్పుడు ఆ రైతులు చిక్కుపడిరి. అక్టోబరులో 10,000 టన్నుల వరకు దీనికి ప్రత్యేకముగ అనుమతి లభించినది.

మేము తొలియేట చేసిన పొరపాటు చెప్పెదము. గడ్డ బాగుగ ఊరవలెనని చివరి వారము వరకు నీరు పెట్టితిమి. యూరియా కూడ ఆలస్యముగ చల్లితిమి. గడ్డలు చూడముచ్చటగా నుండెను. గోనెసంచులలో నింపి చీకటిగదిలో పెట్టితిమి. తొలకరి వానలు పడగానే గది వాసన కొట్టెను. సంచులు విప్పి చూడగా సగమునకు పైగా కుళ్లినవి, మొలకలెత్తినవి. పొరుగింటి అవ్వ ఒక గడ్డను తీసుకొని మెడ నొక్కి చూచి, “మెడ పచ్చిగుంటే గడ్డ నిలబడదు నాయనా” అనెను. తరువాత మేము నేర్చినదంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

నిలువకు తగినది శీతకాలపు పైరు. అక్టోబరు చివర, నవంబరు మొదట నారు పోసి, డిసెంబరులో నాటినచో, ఏప్రిల్ ఎండలలో గడ్డ చేతికి వచ్చును. విత్తనము ఎన్నుకొనుటలో జాగ్రత్త అవసరము. చలిదేశములలో పండు రకములు దీర్ఘమైన పగటివేళ లేనిదే గడ్డ కట్టవు. మన యొద్ద ఆకు పెరిగి ఊరకుండును. మహారాష్ట్రలోని పరిశోధన కేంద్రము వెలువరించిన భీమా శక్తి, భీమా కిరణ్, బెంగుళూరు వారి అర్కా నికేతన్ నిలువకు పేరు పడినవి. ఉల్లివిత్తనము ఏడాది దాటిన మొలకశక్తి కోల్పోవును, పాతవిత్తనము కొనరాదు.

మూడు మీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల వెడల్పు గల మడులు రెండు చాలును. పది గ్రాముల విత్తనమును ఒక చదరపు మీటరు నారుమడిలో వరుసలుగా చల్లి, పలుచగా మట్టి కప్పి, మొలకలు వచ్చువరకు ఎండుగడ్డి పరువవలెను. నారు ఆరేడు వారములకు నాటుటకు వచ్చును. మడికొక గంపెడు బాగుగ మాగిన పశువుల ఎరువు వేసి, వరుసకు వరుసకు 15, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల ఎడముగా నాటవలెను. లోతుగా నాటరాదు. ఉల్లివేరు పైపైననే యుండును. కావున కొద్దికొద్దిగా, తరచుగా నీరు పెట్టి, కలుపును పసితనముననే తీయవలెను. పైయెరువు నాటిన 45 దినములలోనే ముగించవలెను. తరువాత నిచ్చిన నత్రజని గడ్డకు చేరక, మెడను లావు చేయును.

ఆకు తనంతట మెడ వద్ద విరిగి వాలుట పక్వమునకు గుర్తు. పెరుగుదల నిలిచి, ఆకులోని సారము గడ్డకు దిగి, మెడ బోలుపడినందున ఆకు నిలువలేక వాలును. సగము మొక్కలు వాలిన పిమ్మట గడ్డలు తీయవలెను. దానికి పది పదునైదు దినములు ముందే నీరు మానవలెను. కాలితో త్రొక్కి ఆకు వంచుట వలన పక్వము రాదు. గాయములు మాత్రము కలుగును.

తీసిన గడ్డలను ఆకులతోనే వరుసగా పరచి, ఒక వరుస ఆకు మరియొక వరుస గడ్డలను కప్పునట్లు పెట్టవలెను. మన ఏప్రిల్ ఎండ నేరుగా తగిలినచో గడ్డ ఉడికిపోవును. మబ్బు కనబడిన వెంటనే పంచలోనికి చేర్చవలెను. మూడు నాలుగు దినముల తరువాత, రెండు సెంటీమీటర్ల మెడ మిగులునట్లు ఆకు కోసి, గాలి తగులు నీడలో మరి రెండు వారములు ఆరనీయవలెను. మెడ బిగిసి, పైపొర గలగలలాడినప్పుడు నిలువకు సిద్ధమైనట్లు తెలియును.

లావుమెడవి, జంటగడ్డలు, పూకాడ వేసినవి, గాయపడినవి వేరుచేసి ముందుగా వంటకు వాడుకొనవలెను. తక్కినవానిని వెదురుతడికపై పలుచగా పరచుడు. లేదా వలసంచులలో వ్రేలాడదీయుడు. గోనెసంచి, మూసిన డబ్బా, బంగాళాదుంపల ప్రక్క చోటు పనికిరావు. ఉల్లికి శత్రువు మన ఎండ కాదు, వానకాలపు తేమ. 25 మొదలు 30 డిగ్రీల వేడిలో, పొడిగాలిలో మొలక నిదురించును. వానలు మొదలైన పిమ్మట వారమున కొకమారు చేతితో తిరుగవేసి, మెత్తబడినదానిని తీసివేయవలెను. ఒక్క కుళ్లు పదింటిని పట్టును.

ఈ రెండు మడులలో మాకు రమారమి 24 కిలోలు వచ్చును. నెలకు అయిదు కిలోలు వాడు ఇంటికి మే మొదలు సెప్టెంబరు వరకు దాదాపుగా సరిపోవును. పెరడు లేనివారు కూడ విచారింపనక్కరలేదు. ఏప్రిల్, మే నెలలలో, మెడ బిగిసిన ఎండిన గడ్డలను ఊరి రైతు వద్దనే ఎంచి కొని, ఇదే రీతిగా నిలువ చేసుకొనవచ్చును. కొనుటకు ముందు మాత్రము అవ్వ చెప్పినట్లు మెడ నొక్కి చూడుడు.